రెండేళ్ళ పిల్లల బడిలో పాఠం ఎక్కడుంటుంది?

సభకు నమస్కారం.

మూడేళ్ళు నిండని పిల్లలను బడికి పంపుతున్న తల్లిదండ్రులు, ఆ పిల్లలతో రోజంతా గడిపే టీచర్లు, ఇద్దరూ ఈ గదిలో ఉన్నారు. మీ ఇద్దరి మధ్య రోజూ గేటు దగ్గర జరిగే సంభాషణతోనే మొదలుపెడతాను. "ఈరోజు ఏం నేర్పారండీ?" అని తల్లి అడుగుతుంది. టీచరు ఒక్క క్షణం తడబడి, "రంగులు చెప్పామండీ, ఒక పాట పాడించామండీ" అంటుంది. నిజానికి ఆ రోజు ఆ పాప మొట్టమొదటిసారి తన బూట్లు తానే తొడుక్కుంది. గోడకు ఆనుకుని కూర్చుని, మడమ దగ్గర మడతపడిన అంచును వేలితో లాగి, జారిపోతే మళ్ళీ లాగి, పది నిమిషాల తరువాత లేచి నిలబడింది. కుడి కాలిది ఎడమకూ ఎడమ కాలిది కుడికీ వేసుకున్నా సరే, ఎవరి సాయమూ లేకుండా వేసుకుంది. ఆ సంగతి టీచరు చెప్పలేదు. చెబితే అదీ ఒక చదువేనా అంటారేమోనని ఆమె సంకోచం. నేను ఈ పనిలో ఇన్నేళ్ళుగా ఉండి గట్టిగా నమ్మిన మాట ఒకటే: రెండు మూడేళ్ళ పిల్లల బడిలో ఆ బూట్ల పది నిమిషాలే పాఠం. చేతులు కడుక్కోవడం, కూర్చుని తినడం, తడిసిన బట్టలు మార్చుకోవడం, నిద్రపోవడం, అమ్మ చెయ్యి వదిలి లోపలికి రావడం వంటివాటిని మనం పాఠాలకు అడ్డొచ్చే పనులుగా చూసి త్వరగా ముగించేస్తాం. ఈ వయసు పిల్లలకు సిలబస్ అంటూ ఏదైనా ఉంటే అది ఇవే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లోరెంజో అనే పేదల పేటలో, తల్లిదండ్రులు పనికి వెళ్ళిపోతే దిక్కులేక తిరుగుతున్న పిల్లల కోసం ఒక పెద్ద నివాస భవనంలో గది కేటాయించారు. దాని బాధ్యత తీసుకున్న మరియా మాంటిస్సోరి వృత్తిరీత్యా వైద్యురాలు. ఆ పిల్లలకు ఒకరోజు ముక్కు ఎలా చీదుకోవాలో ఆమె పాఠంలా చెప్పారు. రుమాలు ఎలా మడవాలి, చప్పుడు కాకుండా, పక్కవారికి ఇబ్బంది లేకుండా ఎలా తుడుచుకోవాలి అని నెమ్మదిగా చేసి చూపించారు. పిల్లలు నవ్వుతారనుకుంటే నవ్వలేదు. ఊపిరి బిగబట్టి చూశారు, ముగియగానే చప్పట్లు కొట్టారు. ముక్కు కారుతోందని అందరిచేతా తిట్లు తినడమే తప్ప, దాన్ని ఎలా శుభ్రం చేసుకోవాలో మర్యాదగా చూపించినవారు అంతకుముందు ఒక్కరూ లేరని ఆమెకు అర్థమైంది. శిశు విద్య చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది. పసివాడికి తన ఒంటిని తాను చూసుకోవడం చేతనవాలని ఎంత ఆరాటమో, అది చేతకానందుకు వాడు లోలోపల ఎంత చిన్నబోతాడో ఆ చప్పట్లు చెబుతున్నాయి.

నాలుగు దశాబ్దాల తరువాత, 1946లో, బుడాపెస్ట్ నగరంలో ఎమ్మి పిక్లర్ అనే పిల్లల వైద్యురాలు ఇంట్లో పెరిగే అవకాశం లేని పసిపిల్లల కోసం ఒక గృహం ప్రారంభించారు. అక్కడి ఆయాలకు ఆమె నేర్పినది వినడానికి చాలా చిన్న విషయం. బిడ్డను ఎత్తుకునే ముందు, ఎత్తుకుంటున్నానని చెప్పాలి. చొక్కా తొడిగేటప్పుడు బిడ్డ చేతిని పట్టుకుని చొక్కా చేతిలోకి తోసెయ్యకుండా, "ఈ చెయ్యి ఇస్తావా?" అని అడిగి, బిడ్డ తానై చెయ్యి చాచేదాకా ఆగాలి. బట్టలు మార్చే ఆ కొద్ది నిమిషాలూ ఆయా మనసు పూర్తిగా ఆ ఒక్క బిడ్డ మీదే ఉండాలి. ఇలా పెరిగిన బిడ్డ తనను ఒక వస్తువులా కాక మనిషిలా చూస్తున్నారని మాటలు రాకముందే గ్రహిస్తుంది. ఆ నిమిషాల్లో కడుపునిండా దొరికిన శ్రద్ధ వల్లనే మిగతా సమయమంతా పెద్దవాళ్ళ కొంగు పట్టుకుని వేలాడకుండా తన ఆట తాను ఆడుకోగలుగుతుంది.

ఇప్పుడు చాలామంది తల్లిదండ్రుల మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. రాయడం ఎప్పుడు మొదలుపెట్టాలి? దీనికి జవాబు మన అభిప్రాయాల్లో వెతకనక్కర్లేదు, బిడ్డ మణికట్టులో ఉంది. పెద్దవాళ్ళ మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. రెండేళ్ళ బిడ్డ చేతిని ఎక్స్‌రే తీస్తే వాటిలో సాధారణంగా రెండో మూడో మాత్రమే కనిపిస్తాయి. మిగిలినవి ఇంకా మృదులాస్థి దశలోనే ఉంటాయి కాబట్టి ఎక్స్‌రేలో అక్కడ ఖాళీయే తప్ప ఏమీ ఉండదు. ఈ వయసు పిల్లలు క్రేయాన్‌ను పిడికిలితో పట్టుకుని, భుజం నుంచి చేతిని మొత్తంగా కదిలిస్తూ గీస్తారు. బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ కలిపి పట్టుకోవడం మూడున్నర, నాలుగేళ్ళకు మొదలై, ఆ పట్టులో వేళ్ళు సులువుగా కదలడానికి ఐదారేళ్ళు వస్తాయి. అలాంటి చేతికి పెన్సిలిచ్చి, చుక్కలు కలుపుతూ అక్షరం దిద్దమనడం అన్యాయం. ఆ చేతికి కావలసిన కసరత్తు వేరే ఉంది. తడి గుడ్డ పిండటం, మూతలు తిప్పి తీయడం, పిండి ముద్దలు నొక్కడం, ఒక గిన్నెలోని నీళ్ళు మరో గిన్నెలోకి ఒలకబోసుకుంటూ పొయ్యడం, పెద్ద కాగితం నేలమీద పరిచి దాని మీద పాకుతూ గీతలు గీయడం, ఇవే రేపు ఆ పెన్సిలును నిలబెడతాయి. వాటిని పిచ్చిగీతలు అనకండి, దయచేసి. ఆ గీతల్ని కాసేపు కూర్చుని చూడండి. కొన్ని నెలలపాటు అడ్డదిడ్డంగా వెళ్ళిన గీత ఒకనాడు గుండ్రంగా తిరిగి తాను బయలుదేరిన చోటికే వచ్చి కలుసుకుంటుంది. అది సుమారు మూడేళ్ళప్పుడు జరుగుతుంది. తన చెయ్యి వెళ్ళిన దారిని కన్ను గుర్తుపట్టి వెనక్కి తీసుకొచ్చిన రోజు అది. ఆ గుండ్రం కాగితాన్ని దాచుకున్న తల్లులు నాకు తెలుసు. వారికి నా నమస్కారం.

మాటల సంగతి దీనికన్నా లోతైనది. రెండేళ్ళు నిండేసరికి చాలామంది పిల్లలకు కనీసం యాభై మాటలు వచ్చి, రెండు మాటలు జోడించడం మొదలవుతుంది. మూడేళ్ళు వచ్చేసరికి చిన్న చిన్న వాక్యాలు పలుకుతూ, వాళ్ళు చెప్పేదానిలో ఎక్కువ భాగం కొత్తవారికి కూడా అర్థమయ్యే స్థితికి వస్తారు. ఈ పన్నెండు నెలల్లో జరిగే పెరుగుదల మళ్ళీ జీవితంలో ఎప్పుడూ ఇంత వేగంగా కంటికి కనిపించదు. అది ఎలా జరుగుతుందన్న దానిలో బడి పాత్ర ఎంతో ఉంది. జంతువుల బొమ్మల చార్టు ముందు పిల్లలందరినీ కూర్చోబెట్టి, కర్రతో చూపిస్తూ పేర్లు పలికిస్తే మాటలు వస్తాయనుకుంటాం. వచ్చేది చార్టు మీది పేర్లు మాత్రమే. మాట్లాడటం వచ్చేది ఎదుటి మనిషి తనకు బదులు చెప్పినప్పుడు. చేతులు కడిగే చోట ఒక బాబు "నీళ్ళు... చల్ల" అన్నాడనుకోండి. "ఊఁ, కానీ కానీ" అనే టీచరు దగ్గర సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. "అవును, నీళ్ళు చల్లగా ఉన్నాయి! వేళ్ళు జివ్వుమంటున్నాయా?" అని అడిగి కాస్త ఆగిన టీచరు దగ్గర ఆ బాబు వేళ్ళు చూసుకుని, "జివ్వు" అని నవ్వుతాడు. వాడు అన్న రెండు మాటలే ఒక పూర్తి వాక్యమై వాడికి తిరిగి వచ్చాయి, పైగా ఒక కొత్త మాట దొరికింది. ఇక్కడ నేను టీచర్లకు చెప్పేది ముఖ్యంగా ఆ ఆగడం గురించే. ప్రశ్న అడిగి మనం ఒక్క సెకను ఆగి, మనమే జవాబు కూడా చెప్పేస్తాం. ఈ వయసు బిడ్డకు మాట వెతుక్కోవడానికి ఐదారు సెకన్లు కావాలి. లోపల లెక్కపెట్టుకుంటూ ఆగి చూడండి, ఎంత దీర్ఘంగా అనిపిస్తుందో! ఆ మౌనంలోనే వాడి ఆలోచన నడుస్తోంది.

ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష ఉన్న పిల్లల గురించి ఒక్క మాట. బిడ్డ కొన్ని వారాలో నెలలో బడిలో నోరు విప్పకపోతే కంగారుపడి, ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడమని సలహా ఇచ్చే బడులున్నాయి. ఆ సలహా పాటించకండి. తల్లికి సహజంగా వచ్చే భాషలో జరిగే సంభాషణ ఎంత చిక్కగా ఉంటే రెండో భాషకు అంత గట్టి పునాది దొరుకుతుంది. బిడ్డ ఆ మౌన కాలంలో వింటూ పోగుచేసుకుంటూ ఉంటుంది. ఇంట్లో కూడా మాట రాకపోయినా, వచ్చిన మాట పోయినా అది వేరు. అప్పుడు ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యులకు చూపించి వినికిడి పరీక్ష చేయించాలి.

అన్నిటికన్నా కష్టమైన పాఠం మొదటి రోజుల్లో ఉంటుంది. అమ్మ వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుంది అన్న రెండు విషయాల్లో మొదటిది బిడ్డ కళ్ళారా చూస్తుంది, రెండోదాన్ని నమ్మవలసి ఉంటుంది. ఈ విషయంలో నేను చేసిన తప్పు మీకు చెప్పాలి. నేను కొత్తగా చేరిన రోజుల్లో, రెండేళ్ళు దాటి రెండు నెలలైన ఒక పాప తల్లిని వదలడం లేదు. నేను ఆ పాపకు రంగుల బొమ్మ ఒకటి చూపిస్తూ, "మీరు మెల్లగా వెళ్ళిపోండి, నేను చూసుకుంటాను" అని తల్లికి సైగ చేశాను. ఆమె జారుకుంది. పాప తల తిప్పి చూసి, కాసేపు ఏడ్చి ఊరుకుంది, నేను గెలిచాననుకున్నాను. మరుసటి రోజు నుంచి ఎవరు ఏ బొమ్మ చూపించినా ఆ పాప బొమ్మ వైపు చూడలేదు, తలుపు వైపు చూసింది. మూడు వారాలు అలాగే చూసింది. బొమ్మ కనిపిస్తే అమ్మ మాయమవుతుందని నేనే ఆ బిడ్డకు నేర్పాను. అంత త్వరగా, అంత గట్టిగా నేను మరే పాఠమూ ఎవరికీ నేర్పలేదు, ఇప్పటికీ ఆ చూపు మరచిపోలేదు.

అందుకే చెప్పకుండా వెళ్ళడం అనే మాటే వద్దు. జర్మనీలో చాలా శిశు కేంద్రాలు పాటించే బెర్లిన్ పద్ధతి ఒకటి ఉంది. మొదటి మూడు రోజులూ తల్లో తండ్రో గదిలోనే, ఒక మూల కూర్చుని ఉంటారు. విడిచి వెళ్ళే ప్రయత్నమే చెయ్యరు. ఆ మూడు రోజుల్లో ఒక టీచరు, ప్రతిరోజూ అదే టీచరు, బిడ్డకు మెల్లగా దగ్గరవుతుంది. నాలుగో రోజున తల్లి "వెళ్ళొస్తాను" అని చెప్పి, కొద్ది నిమిషాలు మాత్రమే బయటికి వెళ్తుంది. బిడ్డ ఏడ్చినా ఆ టీచరు ఒడిలో ఊరడిల్లితే మరుసటి రోజు ఆ సమయాన్ని కాస్త పెంచుతారు. ఊరడిల్లకపోతే మరికొన్ని రోజులు ఆగుతారు. ఏడవడం తప్పు కాదని, ఏడ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియడమే ముఖ్యమని ఈ పద్ధతి చెబుతుంది. ఉద్యోగాలకు సెలవు దొరకని తల్లిదండ్రులకు ఇది కష్టమేనని నాకు తెలుసు. అంత వ్యవధి లేకపోయినా రెండు పనులు అందరూ చెయ్యగలరు. బిడ్డ కళ్ళలోకి చూసి చెప్పి వెళ్ళండి. వస్తానన్న వేళకు రండి. గడియారం తెలియని బిడ్డకు "నాలుగింటికి" అంటే అర్థం కాదు కాబట్టి, "నువ్వు నిద్ర లేచి, ముఖం కడుక్కున్నాక వస్తాను" అని చెప్పండి. రోజూ ఒకే క్రమంలో పనులు జరిగే బడిలో ఆ మాటకు విలువ ఉంటుంది. ఆటలు, తిండి, నిద్ర, ముఖం కడగడం, అమ్మ. బిడ్డకు అదే గడియారం.

ఇక తోటి పిల్లల సంగతి. "మా బాబు ఎవరితోనూ కలవడండీ, పక్కన కూర్చుంటాడు గానీ తన ఆట తనదే" అని దిగులుపడే తల్లులుంటారు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు రెండు నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల ఆటను ఒక నర్సరీ బడిలో గమనించి 1932లో ప్రచురించిన పరిశీలనలో ఈ స్థితికి ఒక పేరే పెట్టారు, సమాంతర ఆట అని. ఒకే ఇసుకలో, ఒకే రకం డబ్బాతో, భుజం భుజం రాసుకుంటూ, ఎవరి ఇల్లు వారు కడతారు. చూడటానికి ఒంటరి ఆటలా ఉంటుంది గానీ, పక్కవాడు డబ్బా బోర్లించి తడితే వీడూ తడతాడు. కలిసి ఆడటానికి ఇదే తొలి మెట్టు. కాబట్టి రెండేళ్ళ పిల్లలున్న గదిలో ఒక్క అందమైన బొమ్మ పెట్టి పంచుకోమని చెప్పడం కన్నా, ఒకేలాంటి డబ్బాలు నాలుగు పెట్టడం తెలివైన పని. "నీ తరువాత వాడి వంతు" అన్నది మూడేళ్ళ వైపు నెమ్మదిగా తెలిసి వస్తుంది. అప్పటిదాకా మనం పక్కన కూర్చుని, ఎదురుచూసే బిడ్డను చేత్తో పొదివి పట్టుకుని ఆ వంతు వచ్చేదాకా తోడుండాలి.

కొరకడం గురించి చెప్పకపోతే ఈ వయసు గురించి సగమే చెప్పినట్టు. కొరికిన బిడ్డ తల్లి, గాటు పడిన బిడ్డ తల్లి ఇద్దరూ ఇక్కడ ఉండే ఉంటారు. కోపం కొండంత ఉండి, దాన్ని చెప్పే మాట నోట్లో లేనప్పుడు బిడ్డ అదే నోటితో కొరుకుతుంది. రెండో వరుస దవడ పళ్ళు వచ్చేది కూడా సరిగ్గా రెండేళ్ళకు అటూ ఇటూగానే, చిగుళ్ళు సలుపుతూ ఉంటాయి. ఇరుకైన గది, ఆకలి, నిద్ర వేళ దాటిపోవడం తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. టీచరు ముందు గాయపడిన బిడ్డ దగ్గరికి వెళ్ళాలి. తరువాత కొరికిన బిడ్డ ఎత్తుకు వంగి, "కొరికితే నొప్పి. కొరకనివ్వను. బొమ్మ కావాలంటే 'నాకు' అని అడుగు" అని గట్టిగా, అరవకుండా చెప్పాలి. అంతకు మించిన ఉపన్యాసం ఆ చెవులకు ఎక్కదు. ఆ సాయంత్రం ఎవరు కొరికారన్న పేరు అవతలి తల్లికి చెప్పకూడదు. గంటలు గంటలు మూల నిలబెట్టడం, అందరి ముందూ "కొరికే పిల్ల" అని పిలవడం మహా పాపం. పేరు పెట్టి పిలిస్తే బిడ్డ ఆ పేరుకు తగ్గట్టే తయారవుతుంది. నాలుగైదు రోజులు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి పక్కన జరిగిందో రాసిపెట్టుకుంటే చాలాసార్లు జవాబు ఆ కాగితంలోనే దొరుకుతుంది: భోజనానికి ముందు, తలుపు దగ్గరి తోపులాటలో.

టాయిలెట్ అలవాటు గురించి క్లుప్తంగా చెబుతాను. డైపర్ మానిపిస్తేనే చేర్చుకుంటామని తేదీ పెట్టే బడి ఆ వయసును అర్థం చేసుకోలేదు. ఒకటి రెండు గంటలు పొడిగా ఉండగలగడం, తడిసినప్పుడు చెప్పడం, బట్ట కిందికి లాగడానికి ప్రయత్నించడం మొదలైతే సిద్ధమైనట్టు. పిల్లల్లో చాలామందికి అది రెండు, మూడేళ్ళ మధ్య వస్తుంది. బలవంతం చేస్తే బిడ్డ బిగబట్టుకోవడం నేర్చుకుంటుంది, మలబద్ధకం మొదలవుతుంది, తరువాత నెలల తరబడి డాక్టర్ల చుట్టూ తిరగాలి.

నిద్ర, ఆట, స్క్రీన్ల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, ఒకటి, రెండేళ్ళ వారికి 11 నుంచి 14 గంటలు కావాలి. రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలే ఆట ఉండాలి. రెండేళ్ళు నిండినవారికి స్క్రీన్ గంటకు మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. బడిలో పాటల వీడియో పెట్టి పిల్లలను దాని ముందు కూర్చోబెట్టే టీచర్లను నేను నిందించను. ఒక్క మనిషికి పాతికమంది రెండేళ్ళ పిల్లలను అప్పగిస్తే ఎవరైనా అదే చేస్తారు. దాంతో మాట అసలు విషయానికి వచ్చింది.

నేను ఇంతసేపూ చెప్పిన ప్రతి పనికీ, అంటే ఆగడానికి, వంగి మాట్లాడటానికి, చొక్కా తొడిగేముందు అడగడానికి, సమయం కావాలి. ఆ సమయం టీచరు ఓపిక నుంచి రాదు, ఒక టీచరుకు ఎంతమంది పిల్లలన్న లెక్క నుంచి వస్తుంది. ఇంగ్లండ్‌లో రెండేళ్ళ పిల్లలు నలుగురికి ఒకరు ఉండాలన్న నియమాన్ని 2023 సెప్టెంబరులో ఐదుగురికి ఒకరుగా సడలిస్తే, ఆ ఒక్క బిడ్డ పెరిగినందుకే అక్కడ పెద్ద చర్చ జరిగింది. ఆ చర్చ జరగవలసిందే. ఐదుగురు పిల్లల చేతులు కడిగించడానికీ, పదిమంది చేతులు కడిగించడానికీ మధ్య ఉన్నది పని భారం తేడా ఒక్కటే కాదు. పదిమంది ఉన్నచోట టీచరు చేతులు పిల్లల చేతులను పట్టి కడిగేస్తాయి. ఐదుగురు ఉన్నచోట పిల్లలు కడుక్కుంటారు, టీచరు చూస్తుంది. సభలో బడి యాజమాన్యాలవారు ఉంటే వారికి నా విన్నపం: గోడలకు రంగులు వేయించే డబ్బుతో ఇంకొక మనిషిని పెట్టండి. ఆ మనిషికి బతకడానికి సరిపడా జీతం ఇవ్వండి. ఆరునెలలకొకసారి టీచరు మారిపోతే, బిడ్డ మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది.

తల్లిదండ్రులకు ఒక సూచన చేసి ముగిస్తాను. బడి చూడటానికి వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో కూర్చుని బ్రోషరు తిరగెయ్యకండి. పిల్లలు భోజనానికి ముందు చేతులు కడుక్కునే వేళకు వెళ్ళి, అనుమతి అడిగి, ఒక పక్కన నిలబడండి. కుళాయి పిల్లలకు అందే ఎత్తులో ఉందా, సబ్బు ఎవరి చేతిలో ఉంది, టీచరు గొంతు ఎలా ఉంది, ఆమె పిల్లలను పేరుపెట్టి పిలుస్తోందా చూడండి. వరుసలో చివరనున్న బిడ్డ నురగతో ఆడుకుంటూ ఆలస్యం చేస్తాడు, తప్పకుండా ఒకరుంటారు. ఆ బిడ్డను టీచరు ఏం చేస్తుందో చూసేదాకా కదలకండి.

ఓపికగా విన్నందుకు ధన్యవాదాలు. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.